పట్టు, కొట్టు, వదులు

పళ్ళు తోముకుంటుంటే బ్రష్షు చేతిలోంచి జారిపడింది. బ్రష్షు జారిందని ఎవరూ ఆసుపత్రికి పరిగెత్తరు, నేనూ పరిగెత్తలేదు. కడిగి మళ్ళీ తోముకున్నాను. మధ్యాహ్నం ఆఫీసులో సంతకం పెట్టబోతే పెన్ను నిలవలేదు. సాయంత్రం ఇంటికొస్తూ రెండో అంతస్తు మెట్ల మధ్యలో కూర్చుండిపోయాను. పాదాలు తిమ్మిరెక్కాయి, అప్పటికీ ఎండదెబ్బే అనుకున్నాను. మజ్జిగ తాగి పడుకున్నాను. పొద్దున లేవబోతే కాళ్ళు నా మాట వినలేదు.

ఇది పోయిన జూన్ సంగతి. ఇప్పుడు లేచి తిరుగుతున్నాను, నా అన్నం నేనే కలుపుకుంటున్నాను, కాబట్టి రాయగలుగుతున్నాను. చదివేవాళ్ళకి మొదటే ఒక మాట. తిమ్మిరి పాదాల దగ్గర మొదలై పైకి పాకుతుంటే మజ్జిగతో సరిపెట్టుకోకండి, ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి. మిగతాదంతా నా మనసు కుదురుకోవడానికి రాసుకుంటున్నది. ఇందులో నేను మంచివాడిగా కనిపించని చోట్లు ఉన్నాయి. వాటిని వదిలేస్తే అసలు రాయడమే దండగ.

నా పేరు ప్రసాదరావు. యాభై ఎనిమిదేళ్ళు. మాది గుంటూరు వైపు. మా నాన్న టీచరుగా బొల్లారం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఒక స్కూల్లో హెడ్ క్లర్కుని. భార్య సుగుణ, కూతురు నవ్య, ముగ్గురం ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటాం. ఇవన్నీ ఒక ఎత్తు, మా చర్చి పాటల బృందం ఒక ఎత్తు. ఇరవై ఏళ్ళకి పైగా దాన్ని నడిపింది నేనే, హార్మోనియం నాదే. తాళం విషయంలో నేను కాస్త మొండివాణ్ణి. ప్రసాదరావు గారి ముందు దగ్గినా తాళంలోనే దగ్గాలని మా వాళ్ళు నా వెనక నవ్వుకునేవారు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసి గర్వపడేవాణ్ణి కూడా.

జబ్బు పేరు పెద్దది. డాక్టర్లు పొడి అక్షరాల్లో జీబీఎస్ అంటారు. మన ఒంటిని కాపాడాల్సిన బలగమే పొరపాటున మన నరాల మీద పడుతుందట. మూడో రోజుకి చేతులు పోయాయి. ఐదో రోజుకి మొహం కదలడం మానేసింది, మాట పోయింది. ఐసీయూలో పైకప్పు చూస్తూ పడుకున్నాను. చెవులు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. అదే తంటా. నా గురించి నా మంచం పక్కనే నిలబడి మాట్లాడుకునే మాటలన్నీ వినిపించేవి. "ఈయన ఎప్పటికి లేస్తాడో చెప్పలేం" అని ఒకరు ఇంకొకరితో అన్నారు. లేస్తాడో లేదో అనలేదు కదా, ఎప్పటికి అన్నారు కదా అని ఆ ఒక్క ముక్క పట్టుకుని రెండు రోజులు గడిపాను.

లక్ష్మి అని ఒక ఆయమ్మ ఉండేది. పక్క మార్చేటప్పుడల్లా నా తల కిటికీ వైపు తిప్పి పెట్టేది. "గోడను ఏం చూస్తవయ్యా, అటు చెట్టున్నది, చూడు" అనేది. అలా చెయ్యమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. అలాంటివాళ్ళని నేను ఇన్నేళ్ళూ ఆసుపత్రి కారిడార్లలో దాటుకుంటూ పోయాను, ఒక్కరి పేరూ అడిగిన పాపాన పోలేదు.

సుగుణని పూటకి ఐదు నిమిషాలు లోపలికి పంపేవారు. మొదట్లో ఇంటి కబుర్లు చెప్పేది. గ్యాస్ వచ్చింది, పాలవాడు రాలేదు, నవ్య ఆఫీసు పని ఇంట్లోనే చేసుకుంటోంది. నేను బదులివ్వలేను కదా. ఎంతసేపని చెబుతుంది? వారం తిరిగేసరికి కబుర్లు అయిపోయాయి. అప్పుడు నా చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా, మా చర్చి కీర్తన ఒకటి పాడింది.

సుగుణ పాడగా విని పన్నెండేళ్ళయింది. ఎందుకన్నేళ్ళయిందో చెప్పాలి. ఆమె ఒకప్పుడు మా బృందంలో ఉండేది. గొంతు మంచిదే, కానీ ప్రతి చరణం అర మాత్ర ఆలస్యంగా అందుకునేది. ఒక క్రిస్మస్‌కి ప్రాక్టీసు జరుగుతుంటే నాకు విసుగొచ్చి హార్మోనియం ఆపేశాను. "సుగుణా, నువ్వు గొంతు తియ్యకు. పెదాలు కదిలించు చాలు" అన్నాను. ఇరవై మందీ నవ్వారు. ఆ క్రిస్మస్ పండక్కి ఆమె నేను చెప్పినట్టే నిలబడి పెదాలు కదిలించింది. కొత్త సంవత్సరం వచ్చాక ప్రాక్టీసు రోజున టీ పెట్టే పని తీసుకుంది. ఇంట్లో కూడా కూనిరాగం తియ్యడం మానేసింది. నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

ఇప్పుడు ఐసీయూలో, వేలు కూడా కదలని స్థితిలో, ఆ పాట వింటూ నేను చేసిన పనేమిటో తెలుసా? మనసులో తాళం లెక్కపెట్టాను. రెండో చరణం అందుకోవడం ఆలస్యమైందని పట్టుకున్నాను. మరుక్షణం నా మీద నాకే అసహ్యం వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సుగుణ అది నొప్పి అనుకుని నర్సుని పిలిచింది.

పది పన్నెండు రోజులు అలా పాడింది. ఆ ఐదు నిమిషాల కోసం ఎదురుచూసేవాణ్ణి. తరవాత నెమ్మదిగా మొహం వదులైంది, గొంతు పెగిలింది. మొదటి మాటగా నీళ్ళడిగాను. ఆ సాయంత్రం సుగుణ వచ్చి సంతోషంతో నా నుదురు నిమిరింది. పాడలేదు. మర్నాడూ పాడలేదు. నాకు మాట వచ్చిన రోజే ఆమె పాట ఆగిపోయింది. చేతులు వస్తాయో రావో అన్న భయంతో పాటు ఇంకో భయం కూడా ఆ రోజు నుంచే మొదలైంది, ఈమె ఇక నా ముందు పాడదేమోనని.

జూలైలో ఇంటికి తెచ్చారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఓపికగా ఉన్నవాణ్ణి ఇంటికొచ్చి రాక్షసుణ్ణయ్యాను. బొత్తాం పెట్టాలన్నా సుగుణే, అన్నం తినిపించాలన్నా సుగుణే. ముద్ద పెద్దదైందని ఒకసారి, కూరలో ఉప్పు చాలలేదని ఇంకోసారి విసుక్కున్నాను. ఒక మధ్యాహ్నం ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టి బాల్కనీలోకి వెళ్ళి నిలబడింది. నవ్య లాప్‌టాప్ మూసేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"డాడీ, ఈ నెలన్నరలో అమ్మ ఎంత చిక్కిపోయిందో చూశారా?"

చూడలేదు. ఆ రోజు చూశాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఆ గాజులు రోజూ నా నోటి ముందుకి వచ్చి వెళ్తూనే ఉన్నాయి.

ఆగస్టు నుంచి సైనిక్‌పురిలో ఫిజియోథెరపీ. సుగుణే ఆటోలో తీసుకెళ్ళేది. అక్కడ వరండాలో కుర్చీలేసి ఉంటాయి, పిలిచేదాకా కూర్చోవాలి. నా పక్కన రోజూ ఒక పెద్దాయన కూర్చునేవాడు. మోకాలికి ఆపరేషన్ అయింది. కుర్చీ చేతి మీద గోటితో టక్, టక్ అని కొడుతూ లోలోపల ఏదో పాడుకునేవాడు. ఆయన పాట ఒక చోట, ఆ టక్ ఇంకో చోట. నాలుగు రోజులు భరించాను.

"ఏంటండీ ఆ చప్పుడు? కొడితే కొట్టారు, తాళంలోనైనా కొట్టండి" అన్నాను.

"తాళంలనే కొడుతున్న సార్. నడుమ పడుతుంది గంతే."

"నడుమంటే?"

"అడుగుకు అడుగుకు నడుమ జాగ ఉంటది గదా. గక్కడ."

ఆయన పేరు యాదగిరి. ఆర్మీ బ్యాండులో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. కొన్నాళ్ళు దేశం బయట డ్యూటీలో ఉన్నప్పుడు పక్క శిబిరంలో ఒక అమెరికా సైనికుడు మాండలిన్ వాయించేవాడట. వాళ్ళ కొండ ఊళ్ళ పాటలు. బ్లూగ్రాస్ అంటారు. డ్రమ్ము ఉండదు, డ్రమ్ము పని కూడా మాండలినే చేస్తుంది. ఆయన ఈయనకి నేర్పాడు, ఈయన ఆయనకి మన బ్యాండు పాటలు నేర్పాడు. అన్నేళ్ళ నుంచి సైనిక్‌పురిలో ఆ పాటలు వాయించేవాడు బహుశా ఈయన ఒక్కడే. నా సంగతంతా విని, "హార్మోనియంకు మెట్టు నొక్కి పట్టాలె. మీ వేళ్ళు ఇప్పుడు పట్టలేవు. మాండలిన్‌ల పట్టుడు తక్కువ, వదులుడు ఎక్కువ. రేపు తెస్త" అన్నాడు.

చెప్పినట్టే గుడ్డసంచిలో పెట్టుకుని తెచ్చాడు. ఫిజియో అమ్మాయి చూసి, వేళ్ళకి మంచిదే, అలసిపోతే మాత్రం ఆపెయ్యండి అంది. తీగలు నాలుగు జతలు. ఎడమ చేతి వేళ్ళతో తీగల్ని అదిమి, కుడి చేత్తో కొట్టి, మోగీ మోగకముందే ఎడమ వేళ్ళు సడలించాలి. అప్పుడు స్వరం తెగిపోయి టక్‌మని పొడి చప్పుడు వస్తుంది. యాదగిరి డ్రిల్లు చేయించినట్టు చెప్పేవాడు.

"పట్టు, కొట్టు, వదులు. పట్టు, కొట్టు, వదులు. రెప్ప కొట్టేంత సేపు పడితే చాలు సార్. పరేషాన్ కాకుర్రి."

నా వేళ్ళ చివర్లకి స్పర్శ లేదు. తీగ వేలి కింద ఉందో లేదో కళ్ళతో చూసుకోవాలి. మొదటి పది రోజులు కొట్టడమే కుదరలేదు, వేలు తీగ మీదికి చేర్చడమే సరిపోయింది. స్కూలు పిల్లలు పలక మీద అక్షరాలు దిద్దినట్టు దిద్దాను. యాదగిరి ఆ మాండలిన్‌ని నాతోనే ఇంటికి పంపించాడు. ఎప్పుడిమ్మంటారని అడిగితే, "వేళ్ళు వచ్చినంక" అన్నాడు.

సెప్టెంబరులో ఒక ఉదయం బాల్కనీలో కూర్చుని దిద్దుకుంటున్నాను. ఉంగరం వేలి కొసన ఏదో చురుక్కుమంది. మళ్ళీ అదిమాను. మళ్ళీ చురుక్కుమంది.

"సుగుణా! నొప్పెడుతోంది! సుగుణా!"

పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. నేను నవ్వుతున్నాను. నాకేదో అయిందనుకుని ఆమె మొహం పాలిపోయింది.

"వేలు నొప్పెడుతోంది. తెలుస్తోంది నాకు!"

ఆమె నా వేలు పట్టుకుని చూసింది. జంట తీగలు దిగి పక్కపక్కనే రెండు గీతలు పడ్డాయి. ఆ వేలు తన చెంపకి ఆనించుకుని ఏడ్చింది. నా చెయ్యంతా పిండి అయింది. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో అంత ఆనందంగా మేమిద్దరం ఏడ్చిన రోజు ఇంకోటి గుర్తు లేదు. అయినా ఆ రోజు కూడా "పాడవా" అని అడగలేకపోయాను. అడిగే హక్కు నాకెక్కడిది?

అక్టోబరు నుంచి యాదగిరి శనివారాలు గిటారు తీసుకుని మా ఇంటికి వచ్చేవాడు. అసలు పాట అప్పుడు షురూ చేశాడు. ఎవరు కట్టారో ఎవరికీ తెలియని పాత కొండ పాట. ఊరొదిలి పోయినవాడు దారిలో పొయ్యి పొగ చూసి తన ఇల్లు తలచుకుంటాడు. ఇంగ్లిషు పాటే గానీ యాదగిరి నోట అది సైనిక్‌పురి పాటలా వినిపించేది. ఆయన గిటారు వాయిస్తూ పాడాలి, నేను నడుమ జాగాలో టక్‌మనిపించాలి. అంతే పని.

ఆ అంతే పని నా వల్ల కాలేదు. నా చెయ్యి మొదటి దెబ్బ దగ్గరే పడేది. పుట్టినప్పటి నుంచీ చర్చిలో చప్పట్లు అక్కడే కొట్టాను, ఇరవై ఏళ్ళు అందరి చేతా అక్కడే కొట్టించాను. అక్కడ పడనివాళ్ళని తిట్టాను. నడుమ కొట్టడమంటే మెట్టు లేని చోట కాలు పెట్టినట్టు ఉండేది.

"సార్, మీరు మల్ల చర్చికి పోయిన్రు" అని యాదగిరి గిటారు ఆపేసేవాడు.

ఒక శనివారం ఆయన పాడుతుంటే వంటింట్లోంచి సన్నగా ఇంకో గొంతు కలిసింది. సుగుణ. టీ మరుగుతుంటే తనకి తెలియకుండానే అందుకుంది. వాక్యం మొదట్లో ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగింది. ఆమె ఆగిన ఆ చోట నా చెయ్యి టక్‌మంది. సరిగ్గా నడుమ. ఇంకోసారి ఆగింది, ఇంకోసారి టక్. యాదగిరి కళ్ళు పెద్దవి చేసి, మాట్లాడొద్దని తల ఊపాడు.

నేను వినే రకమా? "సుగుణా, అదే! ఇటొచ్చి ఇంకోసారి పాడు!" అని కేకేశాను.

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. టీ తెచ్చి ఇచ్చి వెళ్ళిపోయింది.

"పిట్ట వాలితె చప్పట్లు కొడ్తరా సార్?" అన్నాడు యాదగిరి. ఆ రోజు ఇక పాఠం సాగలేదు.

మర్నాడు మధ్యాహ్నం నవ్య బయటికెళ్ళింది. సుగుణ మంచం మీద బట్టలు మడతపెడుతోంది. తలుపు దగ్గరికేసి వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు ప్రాక్టీసులో నిన్ను అలా అనకుండా ఉండాల్సింది. తప్పు నాది."

ఏ రోజని ఆమె అడగలేదు. తువ్వాలు మడతపెడుతూనే ఉంది.

"ఐసీయూలో నువ్వు పాడినవన్నీ విన్నాను."

"విన్నారా?" అంది. ఇంకో తువ్వాలు అందుకుని, "అప్పుడు కూడా లేటయ్యానా?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. "అయ్యావు" అన్నాను.

ఆమె నవ్వింది. "మీ హార్మోనియం పెట్టె మోగాక, అది విని అందుకునేదాన్నండీ. వినకుండా ఎలా పాడేస్తారు మీరంతా?"

"ఐసీయూలో పెట్టె లేదుగా?"

"లేదు. అది మోగాల్సిన చోట ఆగాను. అలవాటు."

ఇరవై మందిలో నా హార్మోనియం విన్నది ఈమె ఒక్కతే. ఈమెనే నేను పాడొద్దన్నాను. ఇప్పుడు పాడతావా అని అడిగాను. ఆమె తువ్వాలు పక్కన పెట్టింది.

"అందరి ముందూ అన్నారు. తలుపేసుకుని చెబుతున్నారు."

కోపంగా అనలేదు. అందుకే ఇంకా తగిలింది.

నవంబరులో క్రిస్మస్ ప్రాక్టీసు మొదలైంది. నా బదులు తబిత అనే అమ్మాయి బృందాన్ని నడుపుతోంది. ఆమెకి ఫోన్ చేసి పది నిమిషాలు అడిగాను. శనివారం సాయంత్రం చేతికర్రతో నేనూ, గిటారూ మాండలినూ మోసుకుంటూ యాదగిరీ చర్చి హాలుకి వెళ్ళాం. సుగుణ అప్పటికే అక్కడ టీ ఫ్లాస్కు దగ్గర ఉంది. నన్ను చూసి అందరూ లేచి నిలబడ్డారు, చేతులు పట్టుకున్నారు, ప్రార్థనలు ఫలించాయన్నారు. కూర్చోమన్నాను.

"పన్నెండేళ్ళ కిందట ఇదే హాల్లో సుగుణని పాడొద్దన్నాను. పెదాలు కదిలించమన్నాను. మీలో చాలామంది నవ్వారు, నవ్వించింది నేనే. తను తప్పు పాడలేదు. విని పాడింది. వినడం రానిది నాకు. అది మీ అందరి ముందూ చెప్పాలని వచ్చాను."

ఎవరో గొంతు సవరించుకున్నారు. నేను సుగుణ వైపు చూశాను. ఆమె కప్పులు సర్దుతోంది.

"టీ చల్లారిపోతుంది. ముందు తాగండి" అంది అందరితో.

ఇంతేనా అనుకున్నాను. అందరూ బుద్ధిగా టీ తాగారు. నేనూ తాగాను, రుచి తెలియలేదు. సుగుణ ఒక్కొక్క కప్పూ తీసుకుని ట్రేలో పెట్టింది, చేతులు తుడుచుకుంది, హ్యాండ్‌బ్యాగులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసింది. ఫిజియో చీటీ. వెనకవైపు ఆ కొండ పాటంతా తెలుగు అక్షరాల్లో రాసుకుంది. మా చర్చిలో ఇంగ్లిషు పాటలు అందరం అలాగే రాసుకుంటాం. ఎన్ని శనివారాలు వంటింట్లో నిలబడి రాసుకుందో నాకు తెలియదు.

"అన్నగారూ, మొదలుపెట్టండి" అంది యాదగిరితో.

గిటారు మోగింది. సుగుణ ఆగింది, విన్నది, అందుకుంది. పట్టు, కొట్టు, వదులు. నా టక్ నడుమ పడింది. మొదటి చరణం సగానికి వచ్చేసరికి బృందానికి ఉత్సాహం ఆగలేదు, చప్పట్లు మొదలుపెట్టారు. నలభై చేతులూ మొదటి దెబ్బ దగ్గరే, నేను నేర్పినట్టే. యాదగిరి మొహం చూడాలి. నవ్వలేక, ఆపలేక, నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నేను నా నడుమ జాగా వదలకుండా, వాళ్ళ చప్పట్లకి ఎదురీదుతూ కొడుతూనే ఉన్నాను. సుగుణ గొంతులో పన్నెండేళ్ళ బొంగురు మెల్లగా వదిలిపోతోంది.

రెండో చరణంలో వేళ్ళు బరువెక్కాయి. ఒకటి జారింది, ఇంకోటి జారింది. చివరికొచ్చేసరికి ఎడమ చెయ్యి పూర్తిగా చచ్చుబడి ఒళ్ళో వాలిపోయింది. చెమట పట్టింది. సుగుణ ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది. నా చెయ్యి ఇక లేవదని ఆమెకి అర్థమైంది. కాగితం మడిచి పక్కన పెట్టేసి, మూడో చరణం ఇంకాస్త గొంతు పెంచి తనే అందుకుంది.